పత్రికలో క్యూఆర్ కోడ్ వేస్తే తప్పేమిటి?

పెళ్లిపత్రిక అడుగున "వస్తువులు వద్దు, చదివింపులు చాలు" అని రాసి క్యూఆర్ కోడ్ అచ్చేయడం సిగ్గుమాలిన పని అన్నది చదువుకున్నవారిలో బలంగా ఉన్న అభిప్రాయం. వస్తువు ఇస్తే అభిమానం, డబ్బు అడిగితే బేరం అని వారి వాదన. ఆదోని, ఎమ్మిగనూరు వైపు పందిళ్లలో ఆ వాదన నిలవదు.

అక్కడ తలంబ్రాలయ్యాక ఒకరు నోటుపుస్తకం పట్టుకుని కూర్చుంటారు. నూటపదహార్లయినా, వెయ్యినూటపదహార్లయినా పేరూ ఊరూ వేసి రాసుకుంటారు. బళ్లారి వైపు కన్నడిగులు దీన్నే ముయ్యి అంటారు. చదివించినవాళ్లింట్లో శుభకార్యం వచ్చిన రోజు ఆ పుస్తకం పెట్టెలోంచి బయటికొస్తుంది. అంతకు తగ్గకుండా తిరిగి చదివిస్తారు. వడ్డీ లేని అప్పు ఇది. తరాలుగా అందరూ చేస్తున్నదాన్ని పత్రికలో ఒక్క వాక్యంగా రాస్తే మర్యాద ఎలా పోతుందో ఆక్షేపించేవారే చెప్పాలి.

సుగ్గికని, అంటే పంటకోత కూలికి, గుంటూరు మిరపచేలకు వెళ్లి వచ్చే కుటుంబానికి పెళ్లిఖర్చు ఒక్కసారిగా మీదపడుతుంది. షామియానావాడు గోడగడియారాలు తీసుకోడు. గుంటమగ్గం సగం ఇల్లు ఆక్రమించిన చోట నాలుగో స్టీలు బిందెకు జాగా ఉండదు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు ఎమ్మిగనూరు. తలా కొంత వేసి ఒకరిని నిలబెట్టడం అక్కడ నామోషీ కాదు.

అడిగి తీసుకుంటే కట్నమే కదా అని మరో ఆక్షేపణ. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రధానంగా పట్టించుకునేది పెళ్లి సంబంధంగా వియ్యాలవారి మధ్య ఇచ్చిపుచ్చుకునే సొమ్మును. భోజనానికొచ్చిన బంధువు తోచినంత ఇచ్చే ఐదువందలు వేరు. ఇవ్వనివాణ్ని పంక్తిలోంచి ఎవరూ లేపరు.

అసలు మొరటుతనం మైకులో ఉంది. "ఫలానావారు ఐదువేల నూటపదహార్లు" అని ఊరంతా వినేలా చదివితే, వెనక వందనోటు పట్టుకుని నిలబడ్డవాడు తల దించుకోవాలి. దీన్ని సంప్రదాయమని వెనకేసుకొచ్చేవారే క్యూఆర్ కోడ్‌ను చూసి ముక్కు మూసుకోవడం వింత. ఫోన్లో పంపిన మొత్తం ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ తప్ప మరొకరికి తెలియదు.

అడగడానికీ ఒక పద్ధతి ఉంది. అంకె వేయకూడదు. ఫోను లేని పెద్దల కోసం నోటుపుస్తకం ఉంచాలి, మైకు మాత్రం తీసేయాలి. మేనమామ పెట్టే బట్టలనూ, పుట్టింటి ఒడిబియ్యాన్నీ నగదులోకి మార్చమనడం ఎవరికీ తగదు. అవి ఈ లెక్కలోకి రావు.