తోడేలు కథలు – వినని చెవులు



ఈ మాసమున మేమొక భయానక విషయమును గూర్చి ప్రసంగింపదలచితిమి. మనుష్యుడు రాత్రివేళ తోడేలుగా మారి తనవారినే చీల్చి చంపుననెడి వృత్తాంతము పాశ్చాత్య దేశములలో మిక్కిలి ప్రాచీనమైనది. నేటి నవలలలోను చలనచిత్రములలోను అది యింకను బ్రతికియే యున్నది. ఇట్టి కథలు కాలహరణమునకే యని మనలో ననేకుల తలంపు. అందలి తోడేలును ఒకింత మరచి, ఆ యింటివారిని గమనింపుడని మా మనవి.

1941వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన ‘ది వుల్ఫ్ మాన్’ చిత్రమునకు కథ వ్రాసినవాడు, నాజీల పాలనవలన జర్మనీ విడిచిపోయిన కర్ట్ సియోడ్మాక్. అందు తోడేలుచే కరవబడిన లారీ, తనకేదో కీడు మూడినదని తండ్రితో మొరపెట్టుకొనును. తండ్రి విద్యావంతుడు, ప్రేమగలవాడు. అయినను అది మనోభ్రాంతి యని త్రోసివేయును. కడపట అడవిలో నొక యువతిపై బడిన మృగమును ఆ తండ్రియే వెండిపిడి చేతికఱ్ఱతో కొట్టి చంపును. ప్రాణము పోయిన పిదప ఆ మృగము తన కుమారుడై కనబడును.

దీనికి అర్ధశతాబ్దము ముందే క్లెమెన్స్ హౌస్‌మన్ అను ఆంగ్లవనిత ‘ది వేర్‌వుల్ఫ్’ అను కథను వ్రాసెను. అది 1890లో ‘అటలాంటా’ అను బాలికల పత్రికలో మొదట వెలువడి, 1896లో పుస్తకమయ్యెను. ఈమె కొయ్యపై బొమ్మలు చెక్కుటలో నేర్పరి. స్త్రీలకు వోటుహక్కు లేనిదే పన్ను చెల్లింపనని 1911లో చెరసాలకేగిన ధీర. ఆమె కథలో, మంచు కప్పిన పల్లెయింటికి తెల్లని బొచ్చుదుస్తులు ధరించిన యొక సుందరి వచ్చును. ఆమె తోడేలని క్రిస్టియన్ ఒక్కడే కనిపెట్టును. ఆమెను వలచిన అతని కవలసోదరుడు అది అసూయ యని తలచును. ఆమె ముద్దిడిన బాలుడును, ముసలియామెయు కానరాకపోయినను నమ్మడు. తుదకు క్రిస్టియన్ ఒంటరిగా మంచులో నామెను వెన్నాడి, ఆమెను తుదముట్టించుటకై తన ప్రాణమునే కోల్పోవును.

2000లో కెనడాలో వచ్చిన ‘జింజర్ స్నాప్స్’ చిత్రమునకు రచన కారెన్ వాల్టన్ అను స్త్రీది. పదునారేండ్ల జింజర్ రజస్వలయైన రాత్రియే మృగముచే కరవబడును. దేహమున కలుగు మార్పులకు బెదరి పాఠశాలలోని నర్సును అడుగగా, ఇవన్నియు సహజములే యని ఆమె నవ్వుచు బదులిచ్చును. తల్లి ముచ్చటపడి కేకు చేసిపెట్టును. వీరెవ్వరును దుష్టులు కారు. అయినను ఆ పిల్ల యేమి చెప్పదలచినదో పూర్తిగా విన్నది చెల్లెలొక్కతెయే.

త్వరపడక విచారించిన నేమగునో పండ్రెండవ శతాబ్దపు కవయిత్రి మారీ ద ఫ్రాన్స్ ‘బిస్‌క్లావ్రే’ అను కావ్యమున చూపినది. భార్య వస్త్రములను అపహరింపజేయుటచే తోడేలుగనే నిలిచిపోయిన యొక ప్రభువు, వేటకు వచ్చిన రాజును శరణువేడును. రాజు కుక్కలను మరలించును. పిమ్మట ఆ సాధుమృగము భార్యపై విఱుచుకుపడినను, చంపుడనక కారణము విచారించును. వస్త్రములు మరలివచ్చును, మనుష్యుడును మరలివచ్చును.

మన యిండ్లలో ఆడపిల్ల ‘నాకేమో అగుచున్న’దనినను, ‘ఫలానా బంధువు ఎదుటికి పోను’ అనినను, ‘అందరికి నుండునదే’, ‘ఊరకుండుము’ అని మనమెంత త్వరగా పలుకుదుము! ఆ మాట వెనుక తోడేలుండవచ్చును, ఉండకపోవచ్చును. తెలియవలెనన్న ముందు వినవలెను గదా!

జింజర్ చిత్రమున రక్తపాతము మెండు. తల్లులు ముందుగా తాము చూచుట మేలు. హౌస్‌మన్ కథను మాత్రము ఎదిగిన బాలికల చేతికిచ్చుటకు మేము జంకము. చదివిన పిమ్మట వారేమందురో, చేతిపని ప్రక్కన బెట్టి వినుడు.