పసిపిల్లకీ ఒక కుర్చీ వేయండి

చిన్నపిల్లలతో క్రూయిజ్ ఎక్కిన మనవాళ్ళలో చాలామంది ఓడలోని మంచి రెస్టారెంట్ల గడప తొక్కరు. "పిల్లతో అక్కడేం కూర్చుంటాం, బఫేలో కానిచ్చేద్దాం" అంటారు. నేను దీన్ని ఒప్పుకోను. హైదరాబాద్ హోటళ్ళలో స్టివార్డుగా చేరి రెస్టారెంట్ మేనేజరుగా రిటైరైనవాణ్ణి. పిల్లలున్న టేబుల్‌కి వడ్డించడమంటే ఏమిటో నాకు తెలుసు. మా అమ్మాయి వాళ్ళుండేది హ్యూస్టన్‌లో. వాళ్ళతో కలిసి గాల్వెస్టన్ రేవులో ఓడెక్కినప్పుడు, నాలుగేళ్ళ మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని రోజూ రాత్రి మెయిన్ డైనింగ్ హాల్లోనే భోంచేశాను.

ఊళ్ళో ఖరీదైన హోటలుకి వెళ్తే పిల్ల కోసం ఏదైనా చెప్పడానికి తల్లి వెనకాడుతుంది. తినకపోతే డబ్బు దండగ కదా. ఓడలో మెయిన్ డైనింగ్ భోజనం టికెట్టు డబ్బులోనే కలిసి ఉంటుంది. పిల్ల పుట్టగొడుగుల సూపు రెండు చెంచాలు తాగి వద్దంటే మరొకటి తెప్పించవచ్చు, బిల్లు పెరగదు. అన్నం పారేయమని నేననను. స్టార్టరు సైజులో కొద్దిగా తెమ్మంటే సంతోషంగా తెస్తారు. కొత్త రుచి నాలుక మీద వేసి చూడటానికి పిల్లలకు ఇంతకంటే మంచి చోటు దొరకదు. చికెన్ నగెట్స్, ఫ్రెంచ్ ఫ్రైస్ తప్ప ఏమీ ఉండని పిల్లల మెనూ ఒక్కటే చేతికిస్తే పెద్దల మెనూ కూడా అడగండి.

సర్వరు సంగతి ఇంకా ముఖ్యం. భోజనం టైము ముందే ఖాయం చేసుకుంటే రోజూ అదే టేబులు, అదే మనిషి. డిస్నీ ఓడల్లో రాత్రికో రెస్టారెంటు మారుతుంది, సర్వర్లు కూడా మీ వెంటే మారతారు. 1998లో వాళ్ళ మొదటి ఓడ డిస్నీ మ్యాజిక్ నుంచీ ఇదే పద్ధతి. మా టేబుల్ చూసిన గోవా కుర్రాడు రెండో రాత్రికల్లా మేం వచ్చేసరికే కీర దోస ముక్కలు, బ్రెడ్డు పెట్టి ఉంచాడు. మాకు స్టార్టర్లు తెచ్చేటప్పుడే పిల్లకు మెయిన్ కోర్స్ తెచ్చాడు. మేం మెయిన్ కోర్స్ తింటుంటే తను ఐస్‌క్రీమ్ తింటోంది. పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాళ్ళకు నేను మొట్టమొదట చెప్పిన పాఠం అదే: పిల్ల ప్లేటు కిచెన్‌లోంచి ముందు కదలాలి. ఆకలితో ముప్పావుగంట కూర్చోబెడితే ఏ పిల్లయినా ఏడుస్తుంది. అది పెంపకం లోపం కాదు, సర్వీసు లోపం. మీ సర్వరుకి ఇది తట్టకపోతే కూర్చోగానే మీరే చెప్పండి. జీడిపప్పో వేరుశనగో పడని పిల్లయితే ఆ మాట బుకింగ్ నాడే చెప్పాలి, కూర్చున్నాక మళ్ళీ చెప్పాలి.

రాయల్ కరీబియన్, డిస్నీ ఓడల్లో ఇంకో ఏర్పాటుంది. పిల్లలకు త్వరగా వడ్డించేశాక, ఆటల క్లబ్బు సిబ్బంది హాలుకే వచ్చి వాళ్ళను తీసుకెళ్తారు. మూడేళ్ళు నిండి, డయపర్ మానేసిన పిల్లలకే ఈ సౌకర్యం. ఆ తర్వాత తల్లీతండ్రీ తీరిగ్గా కాఫీ తాగవచ్చు.

పైన కవర్ చార్జి కట్టి వెళ్ళే స్పెషాలిటీ రెస్టారెంట్లలో ఆచితూచి ఎంచుకోవాలి. స్టేక్‌హౌస్‌లో భోజనం రెండు గంటలు సాగుతుంది, అది నాలుగేళ్ళ పిల్లకు శిక్షే. సెలబ్రిటీ క్రూయిజెస్ వాళ్ళ ఓడల్లో 'ల పెటీ షెఫ్' అని ఒకటుంది. ప్రొజెక్టర్ వెలుగులో బుల్లి వంటవాడు మీ ప్లేటు మీదే వంట చేస్తున్నట్టు కనిపిస్తాడు, పిల్లలు కన్నార్పరు. డిస్నీ వాళ్ళ పాలో, రెమీ మాత్రం పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకే. వర్జిన్ వోయేజెస్‌లో మొత్తం ఓడకే ఆ నియమం. దీన్ని అవమానంగా తీసుకునేవాళ్ళతో నేను ఏకీభవించను. డబ్బు కట్టి నిశ్శబ్దం కోరుకునే హక్కు ఎదుటివాళ్ళకూ ఉంది.

హాల్లో నా కంటికి కష్టంగా తోచింది వేరే ఉంది. కూర్చోగానే పిల్ల ముందు ఫోన్ నిలబెట్టి, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే నోట్లో ముద్దలు పెట్టేస్తున్నారు. ఆ పిల్లకు తనేం తిందో తెలీదు, వడ్డించిన మనిషి ముఖమూ తెలీదు. మా మనవరాలు "తాతయ్యా, ఇన్ని ఫోర్కులెందుకు?" అని అడిగింది. అలా అడగాలంటే ముందు తల ఎత్తి చూడాలి కదా. మారాం చేస్తే ఒకరు ఎత్తుకుని డెక్కు మీదికి తీసుకెళ్ళండి. పక్క టేబుల్ వాళ్ళకు అది మీరిచ్చే మర్యాద. గది దగ్గర్లోనే ఉంటుంది, కారెక్కి ఇంటికి పోవలసిన పని లేదు.

విశాఖలో 2023లో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. మన తీరం నుంచి ఓడలు నడిపేవాళ్ళకు నా విన్నపం ఒక్కటే. మనవాళ్ళు రాత్రి తొమ్మిదింటికి తింటారని హాలు తలుపులు ఆలస్యంగా తీయకండి. ఆరింటికే పిల్లల కోసం మొదటి పంక్తి వేయండి, వాళ్ళకు పప్పన్నం, నెయ్యి కూడా అదే మర్యాదతో, అదే పింగాణీ ప్లేటులో వడ్డించండి. తల్లిదండ్రులారా, ఆ పూటకు ఫోన్ గదిలో వదిలేసి రండి.