గుడ్డుతో పాటు గిలక్కాయ

7 నెలల నుంచి 3 ఏళ్ళ లోపు బిడ్డకు అంగన్‌వాడీ నుంచి నెలకు 2.5 కిలోల బాలామృతం, 16 గుడ్లు అందాలన్నది తెలంగాణలో నియమం. అందిందో లేదో రాయడానికి రిజిస్టరు ఉంది. బిడ్డ బరువు, ఎత్తు కొలిచి ఫోన్‌లో ఎక్కించాలి. ఇదంతా ఉండాల్సిందే. కానీ ఆ నెలంతా బిడ్డ చేతికి ఏం దొరికింది, పక్కన కూర్చుని ఎవరు ఆడించారు, ఎవరు మాట కలిపారు అని అడిగేవాళ్ళు మాత్రం లేరు. అంగన్‌వాడీ కేంద్రంలో ఉండే ఆటవస్తువులు మూడేళ్ళు దాటిన పిల్లలకు. అంతకంటే చిన్నవాళ్ళు ఇంట్లోనే, తల్లి ఒడిలోనో అవ్వ చంకలోనో ఉంటారు. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళ లోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానమే చెప్పింది. అందులోనూ తొలి మూడేళ్ళను మనం తూకానికే వదిలేశాం. ఇంట్లో ఉన్న వస్తువులతో బొమ్మలు చేసి బిడ్డను ఆడించడం తల్లులకు నేర్పే పని, గుడ్డు పంచడమంత ఖచ్చితంగా అంగన్‌వాడీ పనిలో భాగం కావాలి.

ఇందుకు ఆధారం కోసం దూరం పోనక్కర్లేదు, మన పాలమూరు పక్క జిల్లాలోనే ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఉమ్మడి నల్లగొండ జిల్లాలో 60 పల్లెలను లాటరీ పద్ధతిలో మూడు భాగాలు చేసి ఒక అధ్యయనం నడిపారు. ఒక్కో భాగంలో 20 పల్లెలు, 200 తల్లీబిడ్డల జంటలు. మొదటి భాగంలో మామూలు అంగన్‌వాడీ సేవలే. రెండో భాగంలో వాటికి తోడు పాలు, పైతిండి గురించి ఇంటికి వెళ్ళి చెప్పారు. మూడో భాగంలో ఆ మాటలతో పాటు బిడ్డ సైగలు గమనిస్తూ తినిపించడం, సాదాసీదా బొమ్మలతో ఆడించడం కూడా నేర్పారు. నేర్పింది డాక్టర్లు కాదు, శిక్షణ తీసుకున్న ఊరి ఆడవాళ్ళే. బిడ్డకు మూడో నెల నిండినప్పటి నుంచి ఏడాది పాటు ఇది సాగింది. 2013లో అచ్చయిన ఫలితాల ప్రకారం, ఆట నేర్పిన పల్లెల పిల్లలు మానసిక వికాస పరీక్షలో మామూలు సేవలు అందిన పిల్లల కంటే సగటున 3 పాయింట్లు ఎక్కువ తెచ్చుకున్నారు. తిండి గురించి మాత్రమే చెప్పిన పల్లెల్లో ఆ పెరుగుదల లేదు. అయితే ఎత్తులో మేలు కనిపించింది ఆ తిండి పల్లెల్లోనే, ఆట నేర్పిన చోట కాదు. ఈ సంగతి దాచకూడదు. తిండి చేసే పని ఆట చేయదు, ఆట చేసే పని తిండి చేయదు. ఒకటి ఇచ్చి రెండోదీ ఇచ్చేశామనుకోవడమే మన పొరపాటు.

మూడు పాయింట్లు ఏపాటివని అడగవచ్చు. జమైకా రాజధాని కింగ్‌స్టన్ పేదవాడల్లో 1986-87లో వయసుకు తగ్గ ఎత్తు లేని 129 మంది పసిపిల్లలతో ఒక అధ్యయనం మొదలైంది. కొందరి ఇళ్ళకు స్థానిక ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళ పాటు వారానికి ఒక గంట వెళ్ళేవారు. వాడి పారేసిన వస్తువులతో చేసిన బొమ్మలు పట్టుకెళ్ళి, తల్లి చేతనే బిడ్డను ఆడించి, బొమ్మ అక్కడే ఉంచి, మళ్ళీ వచ్చినప్పుడు మార్చేవారు. ఆ పిల్లలు పెద్దవాళ్ళై సంపాదనలో పడ్డాక లెక్క తీస్తే, ఆట అందని వాళ్ళ కంటే 25 శాతం ఎక్కువ ఆదాయం తేలిందని 2014లో ‘సైన్స్’ పత్రిక ప్రచురించింది. అదనపు పోషకాహారం మాత్రమే అందిన పిల్లల్లో అలాంటి దీర్ఘకాలపు మేలు కనబడలేదు. ఇదే పద్ధతిని ఒడిశాలో 192 పల్లెల్లో పరీక్షించినప్పుడు, ఇల్లిల్లూ తిరిగి నేర్పినా తల్లులను ఒకచోట కూర్చోబెట్టి నేర్పినా పిల్లలకు దాదాపు ఒకే మేలు జరిగింది. ఖర్చు మాత్రం రెండో దారిలో చాలా తక్కువ.

పాలమూరు ఇంట్లో ఇందుకు కావలసినవి లేకపోలేదు. మూడు నెలల బిడ్డకు తొట్టెల మీద చేతికందనంత ఎత్తులో గట్టిగా కట్టిన ఎర్ర, పసుపు గుడ్డముక్కలు చాలు. కళ్ళు వాటి వెంట తిరుగుతాయి. ఆరో నెలకు నారాయణపేట చీర ముక్కలో పాత బట్టలు కుక్కి కుట్టిన బంతి, మోత పెట్టడానికి స్టీలు గిన్నె, చెక్క గంటె. తొమ్మిదో నెలకు ఒకదాంట్లో ఒకటి పట్టే గిన్నెలు. తువ్వాలు కింద గ్లాసు దాచి తీసి చూపిస్తే, కనబడకపోయినా వస్తువు అక్కడే ఉందని బిడ్డకు తెలియడం మొదలవుతుంది. ఏడాది దాటాక డబ్బా మూతకు కన్నం కోసి, అందులోంచి పెద్ద మూతలు వేయించడం. జొన్నబెండ్ల బండ్లు, తాటిబుర్రల చక్రాలు మన పిల్లల పాత ఆస్తి. కానీ జొన్నదంటు పెచ్చు కోసుకుంటుంది, అవి పెద్ద పిల్లలకే. ఇన్ని చేసినా పని చేసేది వస్తువొక్కటే కాదు. గిన్నె పడగానే ‘పడిందా’ అని అడిగే మనిషి ఉండాలి. ఆ మనిషి స్థానంలో సెల్‌ఫోన్ పెడుతున్నాం. రెండేళ్ళ లోపు పిల్లలకు తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

ఇంట్లో చేసినవి ప్రమాదం కాదా, ఐఎస్‌ఐ గుర్తున్నవి కొనడం మేలు కదా అన్నది న్యాయమైన ప్రశ్న. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి. కొనగలిగినవాళ్ళు అది చూసే కొనాలి. జాతరలో, సంతలో విడిగా అమ్మే రంగు ప్లాస్టిక్ మీద ఆ గుర్తు ఉందో లేదో చూసేవాళ్ళు ఎందరు? ఇంటి బొమ్మకు కొన్ని నియమాలు మాత్రం గట్టిగా పాటించాలి. ముఖ్యంగా మన దగ్గర. గిలక్కాయలో ఆముదం గింజలు, గురివింద గింజలు ఎట్టి పరిస్థితిలోనూ పోయకూడదు, రెండూ విషమే. పురుగుల మందు డబ్బా ఎన్నిసార్లు కడిగినా బొమ్మకు పనికిరాదు. పది రూపాయల బిళ్ళ వ్యాసం 27 మిల్లీమీటర్లు. దానికంటే కాస్త పెద్దదైనా గొంతులో అడ్డం పడగలదు కనుక, బిడ్డ నోట్లో పట్టేదేదీ ఇవ్వకూడదు. దారం జానెడు మించకూడదు. గుండీలు, సెల్లులు అసలే వద్దు. ఊడిన కుట్టు, పగిలిన అంచు కనబడితే ఆ రోజే పారేయాలి. ఈ మాటలు చెప్పడానికి పది నిమిషాలు పట్టవు. చెప్పకుండా బొమ్మలు చేయమనడం మాత్రం తప్పు.

ఇంకో అభ్యంతరం బరువైనది. ఉన్నవాళ్ళకు దుకాణం బొమ్మలు, లేనివాళ్ళకు గుడ్డపేలికలా? పొద్దున్నే పత్తి ఏరడానికి పోయే తల్లికి, ముంబై, పుణెల్లో కట్టడాల పనికి వలసపోయిన పాలమూరు తల్లికి బిడ్డతో ఆడే తీరిక ఎక్కడిది? కింగ్‌స్టన్‌లో మేలు జరిగింది పారేసిన వస్తువుల బొమ్మలతోనే కాబట్టి మొదటి దానికి జవాబు తేలికే. తీరిక మాట తేలిక కాదు. కూలి రేటు, పని చోట పిల్లల్ని చూసుకునే ఏర్పాటు, ప్రసూతి సాయం సరిగా లేకుండా ఆట గురించి ఉపన్యాసాలిస్తే ఆ తల్లి మీద ఇంకో నింద మోపినట్టే. అందుకే ఈ నేర్పు తల్లికి మాత్రమే చెప్పేది కాకూడదు. పగలు బిడ్డను చూసుకునే అవ్వ, తాత, సాయంత్రం ఇంటికొచ్చే తండ్రి కూడా కూర్చోవాలి. స్నానం చేయించేటప్పుడు, ముద్ద పెట్టేటప్పుడు ఎలాగూ బిడ్డ ముందు ఎవరో ఉంటారు. ఆట ఆ సమయంలోనే దూరాలి. వలస వెళ్ళే కుటుంబం సంచిలో బొమ్మల డబ్బా పట్టకపోయినా గిన్నెలు, తువ్వాలు ఎలాగూ ఉంటాయి.

అంగన్‌వాడీ టీచర్ల మీద ఇప్పటికే రిజిస్టర్లు, యాప్‌లు, సర్వేల భారం ఉంది. కొత్త పనిని ఉత్తినే వాళ్ళ నెత్తిన పెడితే అది కాగితం మీదే మిగులుతుంది. పుట్టినప్పటి నుంచి మూడేళ్ళ వరకు పిల్లల్ని నెల నెలా ఎలా ఆడించాలో చెప్పే ‘నవచేతన’ మార్గదర్శకాన్ని కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024లో విడుదల చేసింది. కాబట్టి రూపకల్పనకు ఏళ్ళు అక్కర్లేదు. ఉమ్మడి పాలమూరులో ఒక్క అంగన్‌వాడీ ప్రాజెక్టును ఎంచుకుని, నల్లగొండలో చేసినట్టు ఊరి ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చి, వాళ్ళకు గౌరవ వేతనం కూడా కల్పించి, ఒడిశాలో చేసినట్టు తల్లుల్ని, అవ్వల్ని గుంపుగా కూర్చోబెట్టి, ఏడాది నడిపి చూడండి. బరువు పక్కన ఆటకు ఒక గడి పెట్టండి. సెప్టెంబరులో వచ్చే పోషణ మాసంలో దీన్ని మొదలుపెట్టాలని మహిళా శిశు సంక్షేమ శాఖను, కలెక్టర్లను కోరుతున్నాం.