ఎవరి నమూనా ఇది?

‘మోడల్’ అనే ఇంగ్లీషు మాటకు సైన్సు పుస్తకాల్లో మనం ‘నమూనా’ అని రాసుకుంటాం. ధాన్యం కొనే వ్యాపారి బస్తాలో చేయి పెట్టి గుప్పెడు గింజలు తీసి చూస్తాడే, దానినీ నమూనా అనే అంటాం. ఆ గుప్పెడు చూస్తే బస్తా అంతా ఎలా ఉందో తెలియాలి. బస్తాలో నాలుగు రకాల గింజలుండగా గుప్పెట్లోకి ఎప్పుడూ ఒక్క రకమే వస్తూంటే, ఎవరో ముందే ఏరి పెట్టారన్న మాట.

బట్టల దుకాణం బోర్డు మీద నిలబడి చీర చూపించే అమ్మాయిని కూడా మోడల్ అనే అంటున్నాం. మరి ఆమె ఎవరికి నమూనా?

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గరో, విజయనగరంలో గంటస్తంభం దగ్గరో ఓ అరగంట నిలబడండి. నోటుపుస్తకంలో నిలువుగా ఒక గీత గీయండి. ఎడమవైపు బోర్డుల మీది ముఖాలు, కుడివైపు ఆ బోర్డుల కింద నడిచి వెళ్లే ముఖాలు. ముఖం రంగును లేత, చామన, నలుపు అని మూడుగా విడదీసి లెక్క వేయండి. ఫలితం నేను ముందే చెప్పేస్తే అది ప్రయోగం అనిపించుకోదు. కాని రెండువైపులా లెక్క సరిపోదని పందెం కాయడానికి మాత్రం సిద్ధంగా ఉన్నాను. బోర్డుల మీది ముఖాలు చూసిన కొత్తవాడెవరైనా మన జిల్లాలు ఏ మంచు కొండల్లోనో ఉన్నాయనుకోవాలి!

పొందూరు ఖాదీ సంగతి మీకు తెలిసే ఉంటుంది. అక్కడి ఆడవాళ్లు వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, వెంట్రుకంత సన్నగా నూలు వడుకుతారు. ఆ చేయి చామనఛాయగానో నల్లగానో ఉంటుంది. అదే గుడ్డ పట్నం చేరి, పంచెగానో చీరగానో ప్రకటనలోకి ఎక్కేసరికి దానిని కట్టుకున్న మనిషి పాలమీగడలా తెల్లబడతాడు. నేసినవాళ్లూ కొనేవాళ్లూ చాలావరకు మనలాంటి రంగువాళ్లే. నడుమ బొమ్మలోకి ఈ రంగు ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా?

ముందు ఆ రంగు అంటే ఏమిటో చూద్దాం. చర్మం పై పొరకు అడుగున మెలనోసైట్లు అనే కణాలున్నాయి. ఇవి మెలనిన్ అనే రంగు పదార్థాన్ని తయారుచేసి, చిన్న చిన్న సంచుల్లో నింపి చుట్టుపక్కల కణాలకు పంచిపెడతాయి. ఆ మెలనిన్ ప్రతి కణంలోనూ కేంద్రకం మీద గొడుగు పట్టినట్టు పేరుకుంటుంది. నిజంగా గొడుగే! ఎండలోని అతినీలలోహిత కిరణాలు కేంద్రకంలోని డి.ఎన్.ఎ.ను పాడుచేయకుండా అడ్డుకుంటుంది. తమాషా ఏమిటంటే, నల్లనివారికీ తెల్లనివారికీ ఈ మెలనోసైట్ల సంఖ్య ఇంచుమించు ఒకటే. తేడా అంతా సంచులు ఎంత పెద్దవి, ఎంత నిండుగా ఉన్నాయి, అందులో ఏ రకం మెలనిన్ ఉంది అన్నదానిలోనే.

శ్రీకాకుళం 18 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన ఉంది. ఏటా మే నెల మధ్యలో ఒకసారి, జూలై చివర మరొకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా పాతిన కర్రకు అప్పుడు నీడే ఉండదు. ఇటువంటి చోట తరతరాలుగా బతికినవారికి గొడుగు బాగా అవసరం. ఎండ ఎక్కువైతే రక్తంలోని ఫోలేట్ అనే విటమిన్ దెబ్బతింటుంది. తల్లి కడుపులోని శిశువుకు మెదడు, వెన్నుపాము సరిగా ఏర్పడాలంటే ఈ ఫోలేట్ కావాలి. ఎండ తక్కువగా ఉండే ఉత్తర దేశాల్లో ఇబ్బంది వేరు. అక్కడ చర్మం విటమిన్ డి తయారుచేసుకోవాలంటే ఉన్న కాస్త కిరణాలనూ లోపలికి రానివ్వాలి. అందుకని గొడుగు పలచబడింది. ప్రపంచంలో ఎక్కడ ఎంత అతినీలలోహిత కాంతి పడుతుందో, అక్కడి ఆదివాసుల చర్మం ఎంత ముదురుగా ఉంటుందో పోల్చి, ఈ రెండూ దాదాపు కలిసే నడుస్తాయని నీనా జబ్లాన్‌స్కీ, జార్జ్ చాప్లిన్ అనే శాస్త్రజ్ఞులు 2000లో చూపించారు.

మన దగ్గర అరసవల్లిలో సూర్యుడి గుడి ఉంది కదా. అందులోని సూర్యనారాయణ విగ్రహాన్ని చెక్కింది నల్లరాతితో. మార్చిలోనూ అక్టోబరులోనూ ఉదయపు కిరణాలు ఆ నల్లని పాదాల మీద పడడం చూడటానికి జనం బారులు తీరతారు. ఆ నలుపును ఎవరూ తక్కువగా చూడరు. గుడి నుంచి ఇంటికి వచ్చాక మాత్రం, ‘ఏటే, ఎండలో తిరిగి ఇలా నల్లబడిపోనావు’ అని ఆడపిల్లను కసురుతారు!

రంగును బట్టి జాతిని, కులాన్ని, తెలివిని చెప్పేయవచ్చుననే మూఢనమ్మకం ఒకటి మన మధ్య ఇంకా ఉంది. అందుకు ఆధారం లేదు. చర్మం రంగును నిర్ణయించే జన్యువులు ఒకటి కాదు, ఎన్నో. ఒక్క తల్లి బిడ్డల్లోనే ఒకరు లేతగా, మరొకరు ముదురుగా పుట్టేది అందుకే. వీటిలో ఒక ముఖ్యమైన జన్యువును 2005లో ఒక చిన్న చారల చేప మీద పరిశోధనలు చేస్తూండగా కనుగొన్నారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ఇతర దేశాలవారితో కలిసి ఆ జన్యువును భారతీయుల్లో పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. అందులో రంగును లేతబరిచే మార్పు ఐరోపావారికీ మనవారిలో కొందరికీ ఒకే పాత మూలం నుంచి వచ్చిందట! అసలు ఇంగ్లండులోని చెడ్డార్ గుహలో దొరికిన దాదాపు 10,000 ఏళ్ల నాటి మనిషి ఎముకల నుంచి డి.ఎన్.ఎ. తీసి చూస్తే, అతని చర్మం ముదురు రంగులో ఉండి ఉంటుందని 2018లో తేలింది. తెల్లవారి దేశం అని మనం అనుకునేచోట పాత కాపురస్థుడు నల్లనివాడే కావచ్చునన్న మాట.

ఇక ఫ్యాషన్ రంగానికి వద్దాం. అక్కడ ఈ ఏరివేత ఈనాటిది కాదు. అమెరికాలో ‘వోగ్’ అనే ప్రసిద్ధ ఫ్యాషన్ పత్రిక 1892లో మొదలైంది. ఒక నల్లజాతి మోడల్, బెవర్లీ జాన్సన్, దాని ముఖచిత్రం మీదికి రావడానికి 1974 ఆగస్టు దాకా పట్టింది. అదే పత్రిక ఫ్రెంచి ముద్రణ మీద 1988లో నయోమీ క్యాంప్‌బెల్ వచ్చింది. పెద్ద పేరున్న దుస్తుల రూపకర్త ఈవ్ సాఁ లారాఁ, ఆమెను ముఖచిత్రంగా వేయకపోతే తన ప్రకటనలు ఆపేస్తానని గట్టిగా అడిగాకనే అది సాధ్యమైందని ఆమే తరువాత చెప్పింది.

అది తెల్లవారి దేశాల గొడవ, మనకేం అంటారా? మన తెలుగమ్మాయి సంగతి వినండి. నీనా దావులూరి తల్లిదండ్రులది విజయవాడ. 2013 సెప్టెంబరులో ఆమె ‘మిస్ అమెరికా’గా ఎన్నికైంది. భారత సంతతి వారిలో ఆమే మొదటిది. ఆ రాత్రే అమెరికాలో కొందరు ఆమెను విదేశీయురాలనీ, ఉగ్రవాది అనీ నోటికొచ్చినట్టు రాశారు. అది జాతి ద్వేషమని మనవాళ్లందరం మండిపడ్డాం. అదే సమయంలో మన దేశంలో జరిగిన చర్చ ఏమిటో తెలుసా? ఇంత చామనఛాయ పిల్ల ఇక్కడ పోటీ చేస్తే ‘మిస్ ఇండియా’ అయ్యేదేనా అని! కాదనే చాలామంది ఒప్పుకున్నారు. అందాల పోటీల మీద నాకేమీ పెద్ద గౌరవం లేదు. అయినా ఈ సంగతి నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. పరాయి దేశంలో మన రంగుకు దొరికిన పీట, మన ఇంట్లో దొరకదని మనమే చెప్పుకున్నాం.

మన దేశపు ప్రకటనల్లో తూర్పు ఐరోపా నుంచి పిలిపించిన మోడళ్లు కూడా కనిపిస్తూంటారు. సీతంపేట కొండల్లోని సవరలు, జాతాపులు బొమ్మల్లో అసలు కనబడరని కాదు. పండుగ వేషంతో, డప్పులతో, పర్యాటకులను పిలిచే బొమ్మల్లో కనబడతారు. సబ్బు కొనే తల్లిగా, స్కూటరు నడిపే యువకుడిగా, కళ్లద్దాలు పెట్టుకున్న డాక్టరుగా వాళ్లను చూపిన బోర్డు మీకు కనిపిస్తే నాకు తప్పక రాయండి. మన సినిమాల్లోనూ ఇంతే. మన జిల్లాల మాట చాలాసార్లు నవ్వించే పాత్రకే పోతుంది, నలుపు రంగు రౌడీకి పోతుంది.

దుకాణాలవాళ్లను అడిగితే ఒకటే జవాబు: ‘మేమేం చేస్తాం, జనం కోరుకునేది అదే.’ ఈ జవాబును మాత్రం సైన్సు చదువుకునే మీరు ఒప్పుకోకూడదు. ఒక విద్యార్థి ఒకే గిన్నెలో దాణా పోశాడు. కోడి ఆ గిన్నె దగ్గరికి వచ్చింది. ‘కోడికి ఈ గిన్నె అంటేనే ఇష్టం’ అని రికార్డులో రాసుకున్నాడు. మీ మాస్టారు ఎన్ని మార్కులు వేస్తారు? రెండో గిన్నె పెట్టనే లేదు కదా! ఒకే రకం ముఖాన్ని ఏళ్ల తరబడి చూపించి, జనానికి అదే ఇష్టమని తేల్చడం కూడా సరిగ్గా అటువంటి ప్రయోగమే. పైగా చిన్నప్పటి నుంచి ‘ఎర్రగా బుర్రగా’ అన్న పొగడ్త వింటూ పెరిగిన కళ్లకు ఆ ఒక్క గిన్నే అలవాటైపోతుంది.

ఈ ఏరివేత మనుషుల దగ్గర ఆగలేదు, యంత్రాల్లోకీ దూరింది. కోడక్ కంపెనీ ఫొటోలు కడిగే ప్రయోగశాలలకు రంగులు సరిచూసుకోవడానికి ఒక కార్డు పంపేది. దాని మీద ఉండేది ఒక తెల్లజాతి యువతి బొమ్మ. మొదటి మోడల్ పేరును బట్టి దానిని షర్లీ కార్డు అనేవారు. ఆమె ముఖం బాగా వస్తే రంగులు సరిగ్గా ఉన్నట్టే! నల్లని పిల్లలూ తెల్లని పిల్లలూ కలిసి ఫొటో దిగితే నల్లని పిల్లల కళ్లూ పళ్లూ తప్ప ముఖం తెలిసేది కాదు. ఫిల్మును మెరుగుపరచడానికి ఎవరి ఫిర్యాదులు తోడ్పడ్డాయో ఊహించగలరా? కెనడా పరిశోధకురాలు లోర్నా రోత్ వివరించిన ప్రకారం, చాక్లెట్ల కంపెనీలవీ, కర్ర సామాను అమ్మే కంపెనీలవీ! చాక్లెట్టు గోధుమరంగులోని ఛాయలు, చెక్క మీది తేడాలు ఫొటోలో తెలియడం లేదని వాళ్లు గోల పెట్టారు. మనుషుల ముఖాలు తెలియకపోవడం మాత్రం అంతకు ముందు ఎంతోకాలం పెద్ద లోపంగా తోచలేదు.

ఇప్పుడు ఫిల్ము పోయింది, కంప్యూటర్లు వచ్చాయి. ముఖం చూసి ఆడా మగా చెప్పే మూడు కంపెనీల ప్రోగ్రాములను జాయ్ బులామ్వినీ, టిమ్నిట్ గెబ్రూ 2018లో పరీక్షించారు. లేత రంగు మగవారి విషయంలో తప్పులు నూటికి ఒకటి కూడా లేవు. ముదురు రంగు ఆడవారి విషయంలో ఒక ప్రోగ్రాము నూటికి 34 కంటే ఎక్కువ సార్లు తప్పింది. కారణం ఏమిటనుకుంటున్నారు? ఇటువంటి యంత్రాలకు నేర్పడానికి వాడే ఫొటోల కుప్పల్లో లేత ముఖాలే ఎక్కువగా ఉండేవి. మళ్లీ నమూనా దగ్గరికే వచ్చాం, చూశారా!

బోర్డు మీది ముఖం ఊరికే చీర అమ్మి ఊరుకుంటే ఇంత రాసేవాణ్ణి కాదు. అది క్రీము కూడా అమ్ముతుంది. మన దేశంలో తెల్లబరుస్తామనే క్రీముల్లో బాగా పేరుపడ్డది 1975లో బజారుకు వచ్చింది. 2020లో దాని పేరులోంచి తెలుపు అనే అర్థం వచ్చే మాట తీసేశారు. ముదురు రంగువారిని దిగులుగా, దురదృష్టవంతులుగా చూపకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లోనే నియమాలు పెట్టింది. పేరున్న కంపెనీల సంగతి అలా ఉంచండి. సంతలో పేరూ ఊరూ లేని డబ్బాల్లో దొరికే కొన్ని క్రీముల్లో పాదరసం ఉంటుంది. అది మెలనిన్ తయారీని ఆపుతుంది, నిజమే, కాని ఒంట్లో చేరి మూత్రపిండాలను పాడుచేస్తుంది. మరికొన్నిటిలో స్టెరాయిడ్లు. వాడిన కొత్తలో ముఖం తేటపడినట్టే ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు లేస్తాయి. మానేస్తే మంట! ఇటువంటి స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. మీ ఇంట్లో అక్క అద్దం దగ్గర అటువంటి డబ్బా ఉంటే, దాని మీద ఏం రాసి ఉందో చదవండి. ఏమీ రాసి లేకపోతే వెంటనే అమ్మకు చూపించండి.

ఈసారి మీ బడిలో తరగతి ఫొటో తీసేటప్పుడు ఇంకొక పని చేయండి. ఈ రోజుల్లో చాలా స్టూడియోలవాళ్లు కంప్యూటరులో ముఖాలన్నీ అడగకుండానే తెల్లగా చేసి ఇస్తున్నారు. ఫొటోగ్రాఫరు దగ్గరికి నలుగురు కలిసి వెళ్లి, ‘అన్నా, మా రంగు మార్చకుండా ఇవ్వండి’ అని ముందే చెప్పండి. ఆయన నవ్వి, ‘బాగోదర్రా’ అనవచ్చు. అయితే రెండు రకాలుగానూ ఒక్కొక్క కాపీ తీసి ఇమ్మనండి. రెండూ తరగతి గోడకు పక్కపక్కనే అంటించి, ఎవరు ఎవరో చప్పున గుర్తుపట్టడానికి ఏది వీలుగా ఉందో కింది తరగతి పిల్లల్ని అడిగి చూడండి.