మెట్టు దిగి పైకెక్కిన డిఫెన్స్ కోచ్

సెప్టెంబరు వచ్చిందంటే అమెరికాలో శనివారాలన్నీ కాలేజీ ఫుట్‌బాల్‌వే. మన పిల్లలు చదివే యూనివర్సిటీ ఊళ్లలో ఆ రోజు కారు పెట్టుకోవడానికి కూడా చోటు దొరకదు. పక్కింటివాళ్లు పిలిస్తే మనమూ వెళ్లి టీవీ ముందు కూర్చుంటాం. చూపు మాత్రం బంతి పట్టుకుని పరిగెత్తేవాడి మీదే ఉంటుంది. అతణ్ని ఆపడానికి పదకొండు మందిని ఎక్కడ నిలబెట్టాలో చెప్పే మనిషి ఒకరుంటారు. ఆయనే డిఫెన్స్ కోఆర్డినేటర్. కబడ్డీలో కూతకు వచ్చినవాణ్ని పట్టడమెలాగో పథకం వేసేవాడి లాంటివాడన్నమాట. ఆ కుర్చీ దాకా ఎలా వస్తారు? అక్కడి నుంచి ఎటు పోతారు?

ఒరెగాన్ యూనివర్సిటీ హెడ్ కోచ్ డాన్ లానింగ్ సంగతే చూద్దాం. మిస్సోరీ కుర్రాడు. విలియం జ్యువెల్ అనే చిన్న కాలేజీలో ఆడాడు. 2008 నుంచి 2010 దాకా ఒక హైస్కూల్లో కోచ్‌గా పనిచేశాడు. 2011లో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీకి కొత్త కోచ్ వచ్చాడని తెలిసి, దాదాపు పదమూడు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లి పని అడిగాడు. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరాడు.

ఈ మాట మనవాళ్లకు కొత్తేమీ కాదు. ఎమ్మెస్‌కు వచ్చినవాళ్లు దీనికోసమేగా ప్రొఫెసర్ల గదుల చుట్టూ తిరిగేది! కోచింగ్‌లోనూ అంతే. చేతికొచ్చేది తక్కువ, చాకిరీ ఎక్కువ. ఎదుటి జట్టు ఆడిన ఆటల వీడియోలు ముక్కలు ముక్కలుగా చూసి లెక్కలు రాయాలి. పెద్ద కోచ్‌లు ఎలా ఆలోచిస్తారో పక్కనే ఉండి నేర్చుకోవచ్చు. అసలు జీతం అదే.

తర్వాత అరిజోనా స్టేట్. 2014లో శామ్ హ్యూస్టన్ స్టేట్‌లో పూర్తిస్థాయి కోచ్ ఉద్యోగం. ఇక స్థిరపడినట్టే అనుకుంటాం కదా? 2015లో దాన్ని వదులుకుని అలబామాలో మళ్లీ గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరాడు. చూసేవాళ్లకు మెట్టు దిగినట్టే. కానీ అక్కడ హెడ్ కోచ్ నిక్ సేబన్, డిఫెన్స్ కోఆర్డినేటర్ కర్బీ స్మార్ట్. ఆ ఏడాది అలబామా జాతీయ టైటిల్ గెలిచింది. తర్వాత రెండేళ్లు మెంఫిస్‌లో పనిచేసిన లానింగ్, 2018లో జార్జియాలో స్మార్ట్ దగ్గరే చేరాడు. మరుసటి ఏడాది కోఆర్డినేటర్ అయ్యాడు. 2021 సీజన్లో జార్జియా ఒక్కో ఆటకు సగటున పది పాయింట్ల చొప్పునే ఇచ్చి టైటిల్ గెలిచింది. ఆ డిఫెన్స్ నుంచి అయిదుగురు 2022 ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ మొదటి రౌండులోనే ఎంపికయ్యారు. ఫైనల్ ఆడేనాటికే లానింగ్‌కు ఒరెగాన్ పదవి ఖాయమైంది. అప్పుడు వయసు 35.

పదేళ్లలో ఆరు యూనివర్సిటీలు దాటి ఏడోదానికి! ప్రాజెక్టు మారినప్పుడల్లా సామాను సర్దుకునే మన కన్సల్టెంట్ల కుటుంబాలకు దీని బరువేమిటో చెప్పక్కర్లేదు. పైగా ఇక్కడ హెడ్ కోచ్ పోతే కింది కోచ్‌ల ఉద్యోగాలూ గాల్లో దీపమే. తమ పని ఎంత బాగున్నా సరే, కొత్తగా వచ్చినవాడు తన మనుషుల్ని తెచ్చుకుంటాడు.

అందరూ ఇలాగే తిరగాలా? వర్జీనియా టెక్‌లో బడ్ ఫోస్టర్ 1987లో చేరి 2019 సీజన్ దాకా అక్కడే ఉన్నాడు. గని కార్మికులు పట్టుకెళ్లేలాంటి ఇనుప టిఫిన్ డబ్బా ఆయన డిఫెన్స్‌కు గుర్తు. 2006లో దేశంలోనే ఉత్తమ సహాయ కోచ్‌గా బ్రాయిల్స్ అవార్డు అందుకున్నాడు. 2015 సీజన్ తర్వాత హెడ్ కోచ్ మారినా ఈయన కొనసాగాడు. ఇది అరుదు. హెడ్ కోచ్ మాత్రం ఎన్నడూ కాలేదు.

పోనీ, పై కుర్చీ దక్కితే గెలిచినట్టేనా? క్లెమ్‌సన్‌లో కోఆర్డినేటర్‌గా రెండు జాతీయ టైటిళ్లు చూసిన బ్రెంట్ వెనబుల్స్ 2021 డిసెంబరులో ఓక్లహోమా హెడ్ కోచ్ అయ్యాడు. మొదటి ఏడాదే 6 గెలుపులు, 7 ఓటములు. 2023లో 10 గెలిచినా, 2024లో మళ్లీ అదే 6-7. చివరకు 2025లో డిఫెన్స్ పిలుపులు తానే చేతిలోకి తీసుకున్నాడు. జట్టు మళ్లీ 10 గెలిచి ప్లేఆఫ్‌కు వెళ్లింది. లానింగ్‌కూ మొదటి పరీక్ష చేదుగానే ఎదురైంది. 2022 సెప్టెంబరులో తన పాత జట్టు జార్జియా చేతిలోనే 49-3తో ఓడాడు. 2024లో మాత్రం వరుసగా 13 గెలిచి బిగ్ టెన్ టైటిల్ కొట్టాడు. ఆ తర్వాత రోజ్ బౌల్‌లో ఒహాయో స్టేట్ ఆపేసింది.

మనకు అర్థమయ్యేదేమిటంటే, ఎత్తులు వేయడం ఒక విద్య, వంద మందిని నడపడం వేరే విద్య. మొదటిది బాగా వచ్చినవాడికి రెండోది అప్పగించడం ఇక్కడి ఆచారం. మన ఐటీ ఆఫీసుల్లో మంచి ప్రోగ్రామర్‌ను మేనేజర్‌ను చేసినట్టే. కొందరు నెగ్గుకొస్తారు, కొందరు అవస్థ పడతారు.

చిన్న చోట పెద్ద కుర్చీయా, పెద్ద చోట చిన్న కుర్చీయా అన్న ప్రశ్న మన ఇళ్లలోనూ తరచూ వస్తూనే ఉంటుంది. లానింగ్ రెండోది ఎంచుకున్నాడు, కలిసొచ్చింది. అలా మెట్టు దిగి మళ్లీ పైకి రానివాళ్ల పేర్లు పేపర్లకెక్కవు. ఫోస్టర్ ఉన్నచోటే ఉండి 33 సీజన్లు పనిచేశాడు. దాన్ని ఓటమి అనడానికి మనకు నోరు రాదు. పిల్లలకు కెరీర్ గురించి చెప్పేటప్పుడు ఈ రెండు దారులూ చెబుదాం.