మన చెప్పుకి రేటు కట్టేదెవరు?

మన చేతి సరుకుకి పట్నంలో కొత్త పేరొచ్చింది. వాడలో అల్లితే చాప, శిల్పారామంలో పెడితే హస్తకళ. గూడెంలో కుడితే చెప్పు, ఢిల్లీ హాట్‌లో పెడితే కళాఖండం. పేరు మారింది, సంతోషమే. పేరుతోపాటు లెక్క కూడా మారిందా అని మేం అడుగుతున్నాం. ఆ దుకాణం ఎవరిది? రేటు చెప్పేదెవరు? సాయంత్రం గల్లాపెట్టె తెరిచేదెవరు?

మన తాతలు ఊరందరికీ చెప్పులు కుట్టారు. మోటలకు తోలు బొక్కెనలు కట్టారు. డప్పులు మూశారు. దేనికీ ధర లేదు. కల్లం కాడ ఆసామి కొలిచి పోసిందే కూలి. తక్కువైందని అడిగే నోరు లేదు. చచ్చిన గొడ్డును లాగింది మనం. లందలో సున్నం, తంగేడు చెక్క వేసి తోలు ఊనింది మనం. కంపని ముక్కు మూసుకున్న ఊరు ఆ తోలు చెప్పులే తొడుక్కుంది. కుట్టినవాడు మాత్రం దొర గడీ ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచాడు. అందుకే మేళాని మేం తేలిగ్గా తీసుకోవడం లేదు. మన పనికి మన నోటితో ధర చెప్పే చోటు మనకిన్నాళ్ళకు దొరికింది.

"కులవృత్తిని మళ్ళీ నెత్తికెత్తుకోమంటారా?" అని మన కార్యకర్తలు కొందరు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. 1927లో మహద్ సభలో అంబేడ్కర్ చచ్చిన గొడ్ల మాంసం ముట్టొద్దని, ఎంగిలికి ఆశపడొద్దని, ఆత్మగౌరవంతో బతకమని చెప్పాడు. 1936లో 'కుల నిర్మూలన'లో పుట్టుకను బట్టి పని అంటగట్టడం మనిషికి ఇష్టం, ఎంపిక రెండూ లేకుండా చేస్తుందని తేల్చి చెప్పాడు. 2016 జులైలో గుజరాత్‌లోని ఉనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీస్తున్న మనవాళ్ళను గోరక్షకులమని చెప్పుకున్నవాళ్ళు కట్టేసి కొట్టారు. దానికి జవాబుగా సురేంద్రనగర్ దళితులు గొడ్డు కళేబరాల్ని తెచ్చి కలెక్టరాఫీసు ముందు పడేశారు. చాలామంది ఆ పనే మానేశారు.

మానేసినవాళ్ళది పోరాటమే. పని ఎత్తుకుని ధర అడిగేవాళ్ళదీ పోరాటమే. మనం వదలాల్సింది వెట్టిని, చేతిలోని నేర్పును కాదు. ఇష్టమున్నవాడు ఆరె, రంపె పడతాడు, ఇష్టం లేనివాడు పట్టడు. మేళా కోసమని బడి పిల్లను మాన్పించి చాప అల్లించామంటే మాత్రం కులం మళ్ళీ మన ఇంట్లోకే వచ్చి కూచున్నట్టు.

కొల్హాపురి చెప్పు సంగతి చూడండి. మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దు జిల్లాల్లో చర్మకార కులాలవాళ్ళు తరతరాలుగా కుడుతున్న చెప్పు అది. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 జూన్‌లో ప్రాడా అనే ఇటలీ కంపెనీ మిలాన్ ఫ్యాషన్ షోలో అట్లాంటి చెప్పులే చూపించింది. ఎక్కడివో మొదట చెప్పలేదు. ఇక్కడ గొడవయ్యాకే భారతీయ చేతివృత్తివాళ్ళ చెప్పులే తమకు ప్రేరణ అని ఒప్పుకుంది. పేరున్న చెప్పు గతే ఇది. పేరే లేని మన ఊరి కిర్రు చెప్పుల సంగతేంది?

దేశం దాటి పోనక్కర్లేదు. మన మేళాల్లోనే చూస్తున్నాం. దుకాణం వ్యాపారి పేరు మీద ఉంటుంది. సరుకు మన వాడది. మనవాణ్ణి ఒక మూల చాప మీద కూచోబెట్టి కుట్టి చూపించమంటారు. జనం ఫొటోలు తీసుకుంటారు. రోజు కూలి చేతిలో పెడతారు. దీన్ని వ్యాపారం అనగలమా? బొమ్మల కొలువులో మనల్ని ఒక బొమ్మను చేశారు, అంతే.

దుకాణం మనదే అయినా లెక్క రాకపోతే నష్టమే. ఒక లెక్క వేద్దాం. జత చెప్పులకు తోలు, అట్ట, దారం, మేకులు కలిపి 300 రూపాయలు అనుకుందాం. ఒక రోజు పని, కూలి 600. మేళాకి ఇద్దరు పోయి పది రోజులుంటే దారిఖర్చు, తిండి, గది అన్నీ 12,000. 60 జతలు అమ్ముడైతే జతకి 200 పడుతుంది. మొత్తం 1,100. కొనేవాళ్ళు బేరమాడితే మనం మొహమాటపడి 700కే ఇచ్చేస్తాం. తోలుకి 300, ప్రయాణానికి 200 పోతే రోజంతా ఆరె పట్టినందుకు మిగిలేది 200. ఊళ్ళో దొర చేసిన పనే మేళాలో మనకు మనం చేసుకున్నట్టు. మన కూలిని ముందు ధరలో వెయ్యాలి, బేరం ఆ తర్వాత.

ఇంకో మాట. 60 జతలంటే ఒక మనిషికి 60 రోజుల పని. ఒక్క ఇంటితో కాదు. ఐదిళ్ళు కలిస్తే ఇంటికి 12 జతలు. ఇద్దరు అమ్మడానికి పోతారు, మిగతావాళ్ళు ఊళ్ళో పని చేస్తారు. ఈసారి పోయినవాళ్ళు మళ్ళీసారి ఆగాలి. ఆడవాళ్ళూ పోవాలి. పోయినవాళ్ళు ఏ రోజు ఎన్ని అమ్మారో పుస్తకంలో రాసి, వచ్చాక అందరి ముందు చదవాలి.

కేంద్ర హస్తకళల శాఖ ఇచ్చే 'పెహచాన్' గుర్తింపు కార్డు చేతిలో ఉంచుకోండి. మేళాలో దుకాణం అడగడానికి అదే ఆధారం. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో చెప్పులు కుట్టేవాళ్ళు, బుట్టలు, చాపలు, చీపుర్లు చేసేవాళ్ళు కూడా ఉన్నారు. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షలు అన్నారు. పనిముట్ల సాయం తీసుకోండి. అప్పు మాత్రం అప్పే. ఒక మేళా చూసి, లెక్క తెలిసి, అప్పుడు సంతకం పెట్టండి.

1994లో ఢిల్లీ హాట్ తెరిచినప్పుడు చెప్పిన ఉద్దేశం ఏమిటి? పల్లె చేతివృత్తులవాళ్ళు 15 రోజుల వంతున వచ్చి, దళారీ లేకుండా తామే అమ్ముకోవాలని. ఆ మాటే మనం ప్రతి మేళాలో అడగాలి. చేసినవాడి పేరు మీదే దుకాణం ఇవ్వాలి. ఎవరెవరికి ఇచ్చారో జాబితా గేటు దగ్గర అతికించాలి. దళితులకు, ఆదివాసులకు ఎన్ని దుకాణాలు ఇచ్చారో అందులో రాయాలి. ఈసారి మీ జిల్లాలో మేళా పెడితే సరుకు మూట కట్టే ముందు పదిమంది కలిసి పోయి ఆ జాబితా అడగండి.