కొట్టంలోనే ఉన్నాడు గురువు

మన ఉపనిషత్తులలో రెండు ఆవులమందలు కనిపిస్తాయి. ఒకటి కఠోపనిషత్తు ఆరంభంలో, రెండవది ఛాందోగ్యంలో. రెండు చోట్లా ఉన్నవి బక్కచిక్కిన ఆవులే. కాని ఒక మంద యజమానికి అపఖ్యాతిని తెచ్చింది, మరొక మంద తన కాపరికి బ్రహ్మవిద్యను ప్రసాదించింది. ఈ తారతమ్యానికి కారణమేమిటో తెలుసుకుంటే, నేడు మన పల్లెల్లో పశువుకు పట్టిన గతి కూడా అర్థమవుతుంది.

వాజశ్రవసుడు విశ్వజిత్ యాగం చేసి సర్వస్వదానానికి పూనుకున్నాడు. తీరా దక్షిణగా తోలినవి వట్టిపోయిన ముసలి ఆవులు. వాటిని తోలుకుపోతుండగా చూచిన బాల నచికేతునిలో శ్రద్ధ ప్రవేశించిందని ఉపనిషత్తు చెబుతున్నది. గమనించండి! పెద్దలందరూ యాగవైభవాన్ని చూస్తూ ఉంటే, ఆ బాలుడొక్కడే ఆవుల డొక్కలు చూశాడు. తనకు పనికిరానిదాన్ని వదిలించుకుని దానికి దానమని పేరు పెడితే పుణ్యం వస్తుందా? ఆ శంకే అతణ్ణి యముని గడప దాకా నడిపించింది.

ఆ యమధర్మరాజు మనకు దూరంగా లేడు. భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో, ప్రాణహిత గోదావరిలో కలిసేచోట, ఒకే పానవట్టంపై యముని పేర కాళేశ్వరలింగమూ, శివుని పేర ముక్తేశ్వరలింగమూ పూజలందుకుంటున్నాయి. పితృకార్యాలకై అక్కడికి వెళ్లే మనం గోదాన సంకల్పం చెప్పుకుంటాం. ఆ క్షణంలో నచికేతుని ప్రశ్నను మనకు మనమే వేసుకోవాలి. మనం ఇస్తున్న గోవు ఎటువంటిది? తీసుకున్నవారు దానిని మేపగలరా?

ఇక రెండవ మంద. గౌతముడు తన శిష్యుడైన సత్యకామ జాబాలికి నాలుగు వందల బలహీనమైన ఆవులను అప్పగించాడు. అవి వేయి అయ్యేవరకు తిరిగి రానని సత్యకాముడు ప్రతిన పూనాడు. ఏళ్ల తరబడి అడవిలో ఎండకూ వానకూ వాటి వెంటే తిరిగాడు. మంద వేయి అయిననాడు అతనికి బ్రహ్మతత్త్వంలోని తొలి పాదాన్ని బోధించింది ఎవరనుకున్నారు? ఆ మందలోని వృషభం! అగ్నీ, హంసా, మద్గువనే నీటిపక్షీ ఆ తరువాతనే బోధించాయి. తనకు సేవ చేసినవానికే పశువు గురువవుతుందని ఈ కథ తాత్పర్యం.

ఈ సత్యం మన ప్రాంతానికి కొత్త కాదు. జనగామ జిల్లా పాలకుర్తికి చెందిన సోమనాథ కవి, నందీశ్వరుడే బసవేశ్వరునిగా అవతరించాడని బసవపురాణం రచించాడు. బసవడంటే ఎద్దే కదా! అదే జిల్లాలోని బమ్మెరలో పోతనామాత్యుడు రాజాశ్రయాన్ని కాదని నాగలి పట్టాడని పెద్దలు చెప్పుకుంటారు. మహబూబాబాద్ తండాలలోని లంబాడీల పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పునూ ధాన్యాన్నీ దూరదేశాలకు చేరవేసినవారు. మల్లన్నను ఇలవేల్పుగా కొలిచే గొల్లకురుమలు, కుంటే గొర్రె కోసం మందనంతటినీ ఆపుతారు. అప్పుడే ఈనిన పిల్లను భుజాన వేసుకుని నడుస్తారు. క్రైస్తవ సోదరులు భగవంతుణ్ణి కాపరిగా భావిస్తారు. మనం శివుణ్ణి పశుపతి అన్నాం. దేవుడెలా కాపాడతాడో మనిషి మంద దగ్గరే నేర్చుకున్నాడన్నమాట.

మరి నేడు? ట్రాక్టరు వచ్చాక కాడికి పని తగ్గింది. కోత యంత్రం పోయాక పొలంలో మిగిలిన గడ్డికి చాలాచోట్ల నిప్పు పెడుతున్నారు. కోడెదూడ పుడితే ఇల్లు చిన్నబోతున్నది. పదేళ్లు దుక్కి దున్నిన ఎద్దు ఒకనాడు పశువుల అంగడికి నడుస్తుంది. లేదా దాన్ని తెచ్చి గుడి ముందు కట్టి, "అయ్యా, దేవుడికి ఇచ్చాం" అని వెళ్లిపోతారు. ఇది వాజశ్రవసుని దానం కాక మరేమిటి?

రైతునొక్కణ్ణే నిందించడం న్యాయం కాదు. అప్పుల్లో ఉన్నవాడు పని చేయని ఎద్దును ఎంతకాలం మేపగలడు? గృహప్రవేశం నాడు ఆవుదూడలను గడప దాటించి, పసుపు కుంకుమలు అద్ది, గంటలో పంపించివేసే మనకూ ఇందులో భాగముంది. ఆ ఆవు మరునాడు ఏమి తిన్నదో మనం విచారించామా? మిగిలిన అన్నాన్ని ప్లాస్టిక్ సంచిలో కట్టి వీధిలో పారవేస్తున్నాం. సంచితో సహా అది ఆవు కడుపులోకి పోతున్నది. పూజించిన చేతితోనే ఈ పని చేయడం ఏ ధర్మం?

కనుక భక్తులకు నా మనవి. గుడికి పశువును తెచ్చి కట్టకండి. గడ్డిమోపు తెండి, తవుడు తెండి. గోదానం చేయదలచినవారు పాలిచ్చే ఆవునే ఇవ్వండి, దానితోపాటు ఏడాది మేతకు సరిపడా ధనమూ ఇవ్వండి. అది సాధ్యపడకపోతే మీ ఊరి రైతు కొట్టంలోని ముసలి ఎద్దుకు నెలనెలా మేత పంపండి. శాస్త్రం దీన్ని గోదానమంటుందా అని సందేహించనక్కరలేదు. నచికేతుడు ఆనాడు అడిగినది ఇదే. రైతుసోదరులారా, గడ్డిని తగులబెట్టకండి. వాము వేయండి, మీకక్కరలేకుంటే అక్కరున్నవారిని తీసుకుపొమ్మనండి.

ఏరువాక పున్నమి నాడు ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి హారతి పడతాం. మంచిదే. కాని శ్రద్ధ అనే మాటకు అసలు పరీక్ష ఆ మరునాడు తెల్లవారుజామున కుడితి తొట్టి దగ్గర జరుగుతుంది. ఆ పరీక్షలో నెగ్గే శక్తిని పశుపతి మనందరికీ అనుగ్రహించుగాక!